మడిచి పెట్టుకునే కుండ



ఒక లీటరు నీళ్ళు ఎంత బరువు ఉంటాయి? సరిగ్గా ఒక కిలో. ఎండాకాలం చేనుకు పోయే మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు కావాలి. అంటే మూడు నాలుగు కిలోలు. ఇది నీళ్ళ బరువు మాత్రమే. బిందె బరువు వేరే. మట్టి కుండ అయితే ఇంకా ఎక్కువ. నీళ్ళు తాగేస్తాం. కానీ ఖాళీ బిందెను మళ్ళీ ఇంటికి మోసుకు రావాలి.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నీళ్ళు మోయడం అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర లేదు. పనికోసం దూరం పోయే పాలమూరు కూలీలు మూటలో మొదట పెట్టుకునేది నీళ్ళ డబ్బానే.

"సారూ, కుండ కూడా గొంగడి లెక్క మడతపెట్టుకునేటట్టు ఉంటే ఎంత మంచిగుండు!" అని మా రాత్రి బడిలో ఒక పెద్దమ్మ అన్నది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, పెద్దమ్మ అడిగినది నవ్వే మాట కాదు. మడతపడే కుండను మన పెద్దలు ఎప్పుడో చేశారు.

మోట బొక్కెన

యాభై ఏళ్ళు దాటిన వాళ్ళను అడగండి. మోట కొట్టడం గుర్తుంటుంది. కరెంటు మోటార్లు రాకముందు బాయి నీళ్ళతో పొలం పారించాలంటే మోటే దిక్కు. ఎద్దులు వాలుగా ఉన్న దారిలో కిందికి నడిస్తే, బాయిలో నుంచి బొక్కెన పైకి వచ్చేది. ఒక్కసారికి వంద లీటర్లకు పైగా నీళ్ళు.

ఆ బొక్కెనను తోలుతో చేసేవారు. పైన వెడల్పు మూతి. కింద అడుగు ఉండదు. అడుగుకు బదులు పొడుగాటి తోలు గొట్టం. దాన్ని తొండం అనేవారు. ఏనుగు తొండం లాగానే ఉంటుంది మరి.

అడుగు లేని బొక్కెనలో నీళ్ళు ఎట్లా నిలుస్తాయి? ఇక్కడే ఉంది తెలివి. బొక్కెనకు రెండు తాళ్ళు. లావు మోకు మూతికి, సన్న తాడు తొండం చివరకు. బొక్కెన పైకి వస్తున్నంత సేపు సన్న తాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది. తొండం చివర మూతితో సమానంగా ఎత్తులో ఉంటుంది. కాబట్టి నీళ్ళు కారవు. బాయి గట్టుకు వచ్చాక సన్న తాడు తొండాన్ని ముందుకు, కిందికి లాగుతుంది. తొండం చాచుకుంటుంది. నీళ్ళు తొట్టిలో వాటంతట అవే పడతాయి. మనిషి చేయి పెట్టి వంచనవసరం లేదు.

ఇనుప బొక్కెన అయితే ఇట్లా మడతపడదు. తోలు మెత్తన కాబట్టి మడతపడింది. మెత్తదనమే ఇక్కడ పనిముట్టు.

ఆ తోలును పదును చేసింది మన ఊళ్ళ మాదిగ పనివాళ్ళు. సున్నం నీళ్ళలో నానబెట్టి వెంట్రుక తీసి, తంగేడు చెక్క రసంలో ఊరబెట్టేవారు. తంగేడు చెక్కలోని వగరు తోలు కుళ్ళకుండా కాపాడుతుంది. బతుకమ్మలో పెట్టే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. ఆ చెట్టు చెక్కకు ఇంత పని ఉందని మా క్లాసులో కుర్రవాళ్ళకు తెలియదు. తోలు పని చేసిన వాళ్ళను ఊరు బయట ఉంచింది. వాళ్ళు చేసిన బొక్కెన నీళ్ళతోనే ఊరంతా అన్నం తిన్నది. ఈ మాట పుస్తకాల్లో తక్కువగా రాస్తారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నూనె, నెయ్యి దూరం తీసుకుపోవడానికి తోలు సిద్దెలు ఉండేవి. నీళ్ళకు తోలు తిత్తులు. ఎడారి దేశాల్లో మేక తోలు సంచుల్లో నీళ్ళు నింపి ఒంటెల మీద వేసుకునేవారు. నీళ్ళు అయిపోతే సంచి చుట్ట చుట్టుకునేది.

తోలుకు కష్టాలు కూడా ఉన్నాయి. వాసన వస్తుంది. ఎండితే పగులుతుంది. లోపల కడగడం కష్టం. నల్లమలలో చెంచులు సొరబుర్రలో నీళ్ళు తెచ్చుకునేవారు. బుర్ర చాలా తేలిక. కానీ మడవలేము, కిందపడితే పగులుతుంది. ఇక తాటాకు సంగతి చూడండి. తాటి వనంలో కల్లు తాగేవాళ్ళు ఆకును దొన్నెలా మడిచి పట్టుకుంటారు. గౌడన్న లొట్టి వంచి పోస్తాడు. తాగినాక ఆకు పారేస్తే మేక తింటుంది, లేకుంటే మట్టిలో కలుస్తుంది. ఇంత తేలికైన గ్లాసు ఏ కంపెనీ చేయలేదు. కానీ అందులో కల్లు పోసి ఇంటికి తేలేము.

మేము తూచి చూశాం

ఒక రోజు క్లాసుకు రెండు వస్తువులు తెచ్చాను. ఒకటి అర లీటరు గాజు సీసా. రెండోది అర లీటరు ఖాళీ పాల ప్యాకెట్, కడిగి ఆరబెట్టినది. కిరాణం దుకాణం నుంచి త్రాసు తెచ్చాం.

సీసా 350 గ్రాములు తూగింది. ప్యాకెట్‌ను పెడితే త్రాసు కదలనే లేదు. అందరి ఇళ్ళ నుంచి పది ప్యాకెట్లు పోగు చేసి పెట్టాం. పదీ కలిపి 30 గ్రాముల లోపే. అంటే ఒక్కొక్కటి మూడు గ్రాములు కూడా లేదు.

ఇప్పుడు లెక్క చేయండి. పలక తీసుకోండి. వంద లీటర్ల పాలు అర లీటరు చొప్పున పోస్తే 200 సీసాలు కావాలి. 200ను 350తో గుణిస్తే 70,000 గ్రాములు. అంటే 70 కిలోల గాజు. అదే ప్యాకెట్లు అయితే 200ను 3తో గుణించండి. 600 గ్రాములు.

వంద కిలోల పాలకు 70 కిలోల సీసాలు మోసే బండి డీజిల్ ఎవరి డబ్బుతో పోస్తారు? పాలు పోసే రైతు, పాలు కొనే తల్లి, వీళ్ళిద్దరి డబ్బుతోనే. పైగా ఖాళీ సీసాలను వెనక్కి తేవాలి, వేడి నీళ్ళతో కడగాలి, పగిలినవి ఏరాలి. ఒకప్పుడు పట్నాల్లో పాలు గాజు సీసాల్లోనే ఇచ్చేవారు. తర్వాత ప్యాకెట్లు వచ్చాయి. ఇప్పుడు విజయ పాలు గానీ మరొకటి గానీ మన ఊరి దుకాణానికి ప్యాకెట్‌లోనే వస్తాయి.

అయితే సీసాకు ఒక మంచి గుణం ఉంది. మళ్ళీ మళ్ళీ వాడవచ్చు. ప్యాకెట్ ఒక్కసారికే. ఈ తేడా దగ్గరికి తర్వాత వస్తాను.

ప్యాకెట్ ఎట్లా పుడుతుంది

పాల ప్యాకెట్ ముందే సంచిలా తయారై రాదు. డెయిరీకి పాలిథిన్ రేకు చుట్ట వస్తుంది, బట్టల దుకాణంలో గుడ్డ తాను లాగా. వేల ప్యాకెట్లకు సరిపోయే రేకు ఒక్క చుట్టలో ఇమిడిపోతుంది. అన్ని ఖాళీ సీసాలు పెట్టాలంటే ఒక పెద్ద గది కావాలి.

యంత్రం ఆ రేకును ఒక గొట్టం చుట్టూ చుడుతుంది. రెండు అంచులు కలిసిన చోట వేడి తగిలించి అతికిస్తుంది. ఇప్పుడది పొడుగాటి పాలిథిన్ గొట్టం అయింది. కింద అడ్డంగా ఇంకొక వేడి పట్టీ అతికిస్తుంది. అడుగు తయారు. పైనుంచి కొలిచి పాలు పడతాయి. వెంటనే పైన అడ్డంగా అతికించి కోస్తుంది. ప్యాకెట్ కింద పడుతుంది. పై ప్యాకెట్‌కు అడుగు, కింది ప్యాకెట్‌కు మూత, రెండూ ఒకే దెబ్బకు అవుతాయి. మీ ఇంట్లో ప్యాకెట్ తీసి చూడండి. వెనక నిలువుగా ఒక అతుకు, పైనా కిందా అడ్డంగా రెండు అతుకులు కనిపిస్తాయి.

ఆ రేకు మందం 50, 60 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాను. దాదాపు మన తల వెంట్రుక మందం. అంత పలచని రేకు అర కిలో పాలను మోస్తుంది. ఎట్లా? పాలిథిన్ సాగుతుంది. కిందపడితే గాజు ఎదురు తిరుగుతుంది, పగులుతుంది. పాలిథిన్ వంగుతుంది, దెబ్బను చుట్టూ పంచుతుంది. పగిలితే అతుకు దగ్గరే పగులుతుంది. అందుకని డెయిరీలో మొదట పరీక్షించేది అతుకునే.

రేకులో తెల్ల రంగు ఎందుకు? అందం కోసం మాత్రమే కాదు. వెలుతురు తగిలితే పాల రుచి చెడుతుంది, కొన్ని విటమిన్లు పోతాయి. రంగు వెలుతురును ఆపుతుంది.

ప్యాకెట్‌కు ఒక లోపం ఉంది. అది నిలబడదు. కోసినాక గిన్నెలో పోయాల్సిందే. ఫ్రాన్స్ దేశంలో లూయీ దోయాన్ అనే ఆయన 1960లలో దీనికి ఉపాయం చేశాడు. సంచి అడుగున రేకును లోపలికి మడిచి అతికించాడు. లోపల నీళ్ళు పడగానే ఆ మడత విచ్చుకొని కాళ్ళలాగా నిలబడుతుంది. ఇప్పుడు దుకాణంలో వంట నూనె, సబ్బు నీళ్ళు, టమాట సాస్ ఇట్లాంటి నిలబడే సంచుల్లో వస్తున్నాయి. ఖాళీ అయితే చదునుగా అయిపోతాయి.

స్వీడన్ దేశంలో రూబెన్ రౌసింగ్ అనే ఆయన 1951లో టెట్రా పాక్ అనే కంపెనీ పెట్టాడు. వాళ్ళ మొదటి పాల పొట్లం మన సమోసా ఆకారంలో ఉండేది. కాగితం గొట్టాన్ని ఒకసారి అడ్డంగా, ఇంకోసారి నిలువుగా నొక్కి అతికిస్తే సమోసా వస్తుంది. కాగితం వృథా కాదు. కానీ సమోసాలు డబ్బాలో సర్దడం కష్టం. అందుకని తర్వాత ఇటుక ఆకారం తెచ్చారు. మన దేశంలో 1985లో వచ్చిన ఫ్రూటీ మామిడి రసం ఆ ఇటుక డబ్బాలోదే. ఆ డబ్బాలో ఎక్కువ భాగం కాగితం. మిగిలింది పాలిథిన్, పలచని అల్యూమినియం రేకు. అల్యూమినియం గాలినీ వెలుతురునీ రానివ్వదు. బాగా కాచిన పాలను, రసాన్ని సూక్ష్మజీవులు లేని చోట నింపి మూస్తారు. కాబట్టి ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలుస్తాయి.

తేలిక సరుకు ఎక్కడికైనా వస్తుంది

2009 అక్టోబర్‌లో కృష్ణ, తుంగభద్ర పొంగినప్పుడు అలంపూర్, కర్నూలు మునిగాయి. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. అలాంటి వేళ నీళ్ళ ప్యాకెట్ విలువ తెలుస్తుంది. పడవలో వేయవచ్చు, పైనుంచి వదలవచ్చు. సీసాలు అయితే ఏమవుతాయో చెప్పనక్కర లేదు.

కానీ తేలిక సరుకుకు మంచీ చెడూ తెలియవు. మన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా ఉన్న 1980లలో ప్రభుత్వం వారుణి వాహిని అనే పథకం కింద సారాను పాలిథిన్ ప్యాకెట్లలో అమ్మించింది. కల్తీ ఉండదని చెప్పారు. కుండలో సారా, సీసాలో సారా అయితే తాగేవాడు దుకాణానికి పోవాలి. ప్యాకెట్ అయితే సంచిలో వేసుకొని ఊరూరా, వాడవాడా తిప్పవచ్చు. పొలం గట్టుకు తేవచ్చు. జేబులో పడుతుంది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే ప్యాకెట్ ఎదురొచ్చింది. పాలకు చేసిన మేలే సారాకూ చేసింది ఆ పలచని రేకు.

తర్వాత జరిగింది చాలామంది పెద్దవాళ్ళకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతికి వచ్చిన ఆడవాళ్ళు సారా సంగతి చదివారు, మాట్లాడుకున్నారు, దుకాణం మూయించారు. వాళ్ళలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం జిల్లా జిల్లాకు పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. మనలాగే పలక పట్టుకున్న అక్కలు చేసిన పని అది.

చేయకూడని రెండు పనులు

ఒకటి, వేడి చాయ్ కవర్లో తేవడం. ఇది నా సొంత అనుభవం. ఒకసారి బస్టాండు దగ్గర ఒక హోటల్లో ఐదు చాయ్‌లు కట్టించుకున్నాను. పలచని కవరు, దారంతో ముడి. పది అడుగులు వేసేసరికి అడుగు పిగిలింది. పాదం కాలింది. వారం రోజులు చెప్పు వేయలేకపోయాను. పాలిథిన్ వేడికి మెత్తబడుతుంది, అతుకు వదులవుతుంది. చల్లటి పాలకు చేసిన రేకు మరిగే చాయ్‌కి పనికిరాదు. అంతేకాదు, వేడికి రేకులోని రసాయనాలు చాయ్‌లోకి దిగవచ్చు. రంగు కవర్లు చాలావరకు పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేసినవి. చాయ్‌కి, చారుకు స్టీలు టిఫిను తీసుకుపోండి. కొంచెం బరువే. పాదం కంటే ఎక్కువ కాదు.

రెండోది ఇంకా ప్రమాదం. గద్వాల వైపు సీడ్ పత్తి చేలలో పురుగుమందు ఎంత కొడతారో మీకు తెలుసు. మందు అయిపోయిన డబ్బా గట్టిగా, మూతతో, చూడ్డానికి బాగుంటుంది. "కడిగినం గద, ఏమైతది" అని నీళ్ళకు పెట్టుకుంటారు. మా తరగతికే ఒక అన్న అట్లాంటి డబ్బాలో నీళ్ళు తెచ్చాడు. చిన్నపిల్ల దాని మూత తీయబోతుంటే చూశాను. నాకు గుండె ఆగినంత పనైంది.

మందు ప్లాస్టిక్ గోడలోకి ఇంకుతుంది. ఎన్నిసార్లు తోమినా మొత్తం పోదు. నీళ్ళు పోసి పెడితే మెల్లగా బయటికి వస్తుంది. కాబట్టి ఆ డబ్బాలో నీళ్ళు, నూనె, కిరసనాయిలు, ఏదీ పోయవద్దు. మందు అయిపోగానే డబ్బాలో పావు వంతు నీళ్ళు పోసి, మూతపెట్టి ఊపి, ఆ నీళ్ళను మందు కొట్టే ట్యాంకులోనే పోయాలి. ఇట్లా మూడుసార్లు. తర్వాత డబ్బాకు మేకుతో చిల్లులు పొడవాలి. చిల్లుపడ్డ డబ్బాలో ఎవరూ నీళ్ళు పట్టరు.

మందు డబ్బా మీద ఒక గుర్తు ఉంటుంది, చదరాన్ని మూల మీద నిలబెట్టినట్టు. దాని కింది సగంలో రంగు చూడండి. ఎరుపు అయితే అతి విషం. పసుపు అంతకంటే కొంచెం తక్కువ. తర్వాత నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగవచ్చని కాదు. అది కూడా విషమే.

ప్యాకెట్ చదవండి, మూల దాచండి

ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. నీళ్ళ ప్యాకెట్, పాల ప్యాకెట్ కొన్నప్పుడు తారీఖు చూడండి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనే గుర్తు పక్కన 14 అంకెల నంబరు ఉండాలి. పేరు లేని, నంబరు లేని నీళ్ళ ప్యాకెట్ ఎక్కడ నింపారో ఎవరికీ తెలియదు.

కోసేటప్పుడు మూలను పూర్తిగా కత్తిరించవద్దు. కొంచెం అంటుకొని ఉండేటట్టు కోయండి. ఆ చిన్న ముక్క చేతిలో నుంచి జారితే ఇక దొరకదు. కాలువలో పడుతుంది, గడ్డిలో కలుస్తుంది. మూల అంటుకొని ఉన్న ప్యాకెట్‌ను కడిగి, ఆరబెట్టి, పోగుచేస్తే పాత సామాన్లవాళ్ళు తీసుకుంటారు. దాన్ని కరిగించి మళ్ళీ వస్తువులు చేస్తారు. చైత్ర పున్నమికి సలేశ్వరం పోయినవాళ్ళు చూసే ఉంటారు, అడవి దారి పొడవునా నీళ్ళ ప్యాకెట్లు. మూడు గ్రాముల ఖాళీ కవరును వెనక్కి తేవడం బరువా? మన పశువులు కూడా ఈ కవర్లు తింటాయి. కడుపులో చుట్టలు చుట్టుకొని చచ్చిపోతాయి.

"120 మైక్రాన్ల కంటే పలచనివి బంద్ చేసిండ్రు కద సారూ, పాల ప్యాకెట్ ఎట్ల వస్తున్నది?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. 2022 డిసెంబర్ 31 నుంచి ఉన్న ఆ నిబంధన చేతి సంచులకు, అంటే దుకాణంలో సామాను వేసి ఇచ్చే కవర్లకు. ముందే సరుకు నింపి మూసిన ప్యాకెట్లకు అది వర్తించదు.

నీళ్ళు వదిలేసి పొడి మోయడం

బరువు తగ్గించడానికి ఇంకో దారి ఉంది. నీళ్ళు ఊళ్ళోనే ఉన్నప్పుడు నీళ్ళను మోయడం ఎందుకు? పొడి మాత్రం మోస్తే చాలు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ లక్షల మంది కాందిశీకులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడా పొడి కొలత ప్రకారం కలిపించారు. ఆ పొడిని పాలిథిన్ సంచుల్లో పోసి, వేడి ఇనుముతో అంచు అతికించి శిబిరానికి తెచ్చారు. అక్కడ నీళ్ళలో కలిపి రోగులకు తాగించారు. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నూటికి 4 కంటే తగ్గాయి. ఇప్పుడు ఆశా అక్క ఇచ్చే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ దాని చెల్లెలే. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు మంచి నీళ్ళలో కలపాలి. సగం పొడి, సగం నీళ్ళు అని లెక్క వేయవద్దు, కొలత తప్పుతుంది. కలిపినది ఒక రోజు దాటితే పారబోయాలి.

సంచి అంచు అతికించడం మీరూ చేయవచ్చు. మా తరగతిలో మహిళా సంఘం అక్కలు పల్లీల పొడి, కారం పొట్లాలకు ఇదే చేస్తున్నారు. ఇనుము కోసే రంపపు బ్లేడు ఒకటి, కొవ్వొత్తి ఒకటి చాలు. పాలిథిన్ సంచి మూతిని బ్లేడు అంచు మీదుగా మడవాలి. అంచు నూలుపోగంత బయటికి రావాలి, అంతకంటే వద్దు. ఆ అంచును కొవ్వొత్తి మంట పక్క నుంచి ఆగకుండా లాగాలి. ఆగితే కాలిపోతుంది. త్వరపడితే అతకదు. మొదట నాకు మూడు సంచులు పాడైనాయి. కిటికీ తెరిచి చేయండి, పిల్లలను దూరంగా ఉంచండి.

అతుకు సరిగా పడిందా లేదా తెలుసుకోవాలంటే ఒక సంచిలో నీళ్ళు పోసి అతికించండి. పాత పేపరు మీద అతుకు కిందికి ఉండేటట్టు పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కండి. తెల్లారి పేపరు పొడిగా ఉంటే మీ సంచి సరుకు నింపడానికి సిద్ధం. పేపరు తడిస్తే ఆ అతుకు కోసేసి మళ్ళీ మంట దగ్గర కూర్చోండి.